కోలాటం కట్టెలతో దిల్‌సుఖ్‌నగర్ దాకా

కాశీ పోయొచ్చాను, రామేశ్వరం పోయొచ్చాను, ఒక్క ముక్క రాయలేదు. నగరం శివారు తుర్కయంజాల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయొచ్చిన సంగతి మాత్రం రాయక తప్పడం లేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి. కాశీకి దారి చెప్పేవాళ్లు వెయ్యిమంది ఉన్నారు. కోలాటం కట్టెల సంచి భుజాన వేసుకొని, ఒకే రంగు చీరలు కట్టుకొని, పొద్దున్నే సాగర్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడే ఆడవాళ్లకు దారి చెప్పేవాళ్లే లేరు. రేపు మీ గల్లీ నుంచి నలుగురు బయలుదేరితే వాళ్లకు ఇది పనికొస్తుంది.

ప్రయాణానికి కారణం మా వదిన. ఆమె పేరు అందాలు. మావాళ్లది పోచంపల్లి దిక్కు మగ్గాల కుటుంబం. తాత నేశాడు, నాన్న నేశాడు, అన్న నర్సింహ అమ్ముతున్నాడు. తుర్కయంజాల్‌లో అతనికి చీరల దుకాణం ఉంది, నేను అదే గల్లీలో ఉంటాను. దుకాణంలో బేరాలు అన్నవి, గల్లా దగ్గర కూర్చోవడం వదినది. అట్లా నడుస్తున్న సంసారంలోకి కోలాటం వచ్చి పడింది. ఎవరో చుట్టాల పెళ్లిలో చూసొచ్చి వదిన కూడా మొదలుపెట్టింది. అప్పటి నుంచి సాయంత్రం ఐదైతే చాలు, గల్లా వదిలేసి కట్టెలు పట్టుకొని మేడ ఎక్కుతుంది. సరిగ్గా గిరాకీ వచ్చే వేళ అన్న ఒక్కడే చీరలు విప్పాలి, మడవాలి, డబ్బులు తీసుకోవాలి. పాపం, ఎన్నాళ్లని ఊరుకుంటాడు! ఒకరోజు అన్నం తింటూ తీర్పు చెప్పేశాడు.

“చూడు అందాలూ, గిన్ని రోజులాయె ఎగురవట్టి. ఒక్కలన్న పిలిచిన్రా మిమ్ముల? ఈ ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ పోతున్నరు గదా, ఒక్క ప్రోగ్రాం తెచ్చుకో. తెస్తే సాయంత్రాలన్ని నీయే, నేను నోరు తెరువ. తేకపోతే ఆ కట్టెలు అటక మీద పెట్టి మంచిగ గల్లా కాడ కూసో.”

“మాట మీద ఉండుండ్రి మరి,” అంది వదిన. ఆమె తక్కువ మాట్లాడిందంటే లోపల గట్టిగా పట్టుకుందని అర్థం. ఆ రాత్రి మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయింది.

ఆ దిల్‌సుఖ్‌నగర్ సంగతేమిటో చెప్పాలి. ఇప్పుడు మన వైపు కోలాటం అంటే ఎవరో నలుగురు పెద్దమ్మల కాలక్షేపం అనుకోకండి. ఎల్బీ నగర్ చుట్టుపక్కల గల్లీకో బృందం, బృందానికో వాట్సాప్ గ్రూపు, గ్రూపుకో రంగు చీర. పెళ్లిలో ఎదుర్కోలుకు పిలుస్తారు, గృహప్రవేశానికి పిలుస్తారు, బట్టల షాపు తెరిచినా పిలుస్తారు. అన్నిటికంటే గొప్పది గుడి ఉత్సవంలో రథం ముందు ఆడటం. ఆ పిలుపు వచ్చిన బృందం వాళ్లకు మర్నాటి నుంచి మనతో ఫోనులో మాట్లాడే గొంతే మారిపోతుంది. ఈ బృందాలన్నీ ఒకచోట ఆడి చూపించుకోవడానికి ఒక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో హాలు మాట్లాడారు. పిలిచేవాళ్లు ముందు వరుసలో కూర్చొని చూస్తారు. నచ్చితే అక్కడే మాట తీసుకుంటారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే కోలాటం బృందాలకు పెళ్లిచూపులు.

మా బృందంలో ఎనిమిది మందిమి. నలుగురు కొత్తపేట వాళ్లు, మా గురువు విజయక్క ఇంటికి దగ్గర కాబట్టి ఆమె దగ్గరే నేర్చుకుంటారు. మిగతా నలుగురం తుర్కయంజాల్ వాళ్లం: వదిన, నేను, మా ఎదురింటి స్వరూప, ఆమె చెల్లెలు లలిత. మేము కొత్తపేట దాకా పోయి రావాలంటే కుదరదు కాబట్టి విజయక్క అడుగులన్నీ వీడియో తీసి పంపేది. ఆమె గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఫోనును కిటికీలో ఆనించి పెట్టి, అందులో తనను తాను చూసుకుంటూ ఆడేది. వెనక గోడ మీద ఒక క్యాలెండరు కనిపించేది. దాని మీద అక్షరాలు మాకు ఒక్కటీ అర్థం కాలేదు. “కన్నడ క్యాలెండర్ లెక్కున్నది,” అంది లలిత. గుడివాడ మనిషి ఇంట్లో కన్నడ క్యాలెండరు ఎందుకుంటుందని మేము నలుగురం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మీరు మాత్రం ఆ క్యాలెండరును కాస్త గుర్తు పెట్టుకోండి.

మొదటి రోజు వీడియో చూస్తూ వదిన తేలికగా తేల్చేసింది: “గామె ఏ దిక్కు కట్టె లేపితే మనం గదే దిక్కు లేపుదాం.”

స్వరూప ఒప్పుకోలేదు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పే రకం ఆమె. “అట్లెట్ల? ఎదురుంగ నిలవడ్డ మనిషి కుడిచెయ్యి మనకు ఎడమ దిక్కు కనవడ్తది. తిప్పి చెయ్యాలె.”

న్యాయంగానే ఉంది కదా! తిప్పి చేశాం. మేడ మీద బట్టలారేసే తీగల కింద తిప్పి తిప్పి చేసి, నిద్రలో లేపి ఆడమన్నా ఆడేంత గట్టిగా నేర్చుకున్నాం.

ఇక ప్రయాణం. ఆదివారం ఉదయం ఏడున్నరకు బస్టాపులో ఉన్నాం. అన్న దుకాణంలోవే, నలుగురికీ ఆకుపచ్చ పోచంపల్లి చీరలు. ఒకే చీరలో నలుగురు నిలబడితే మనుషులకు ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది కాబోలు. పాల క్యాన్లతో ఆగిన ఒకాయన, “ఏ స్కూల్ మేడం మీది?” అన్నాడు. స్వరూప చెప్పింది, ఏదో ఒక స్కూలు పేరు. ఆయన తన మనవడికి సీటు కావాలని మొదలుపెట్టేలోపు బస్సు వచ్చి బతికించింది.

ఆదివారం పొద్దున సీట్లు దొరుకుతాయి. ఎడమ వైపు కూర్చోండి, ఎండ కుడి వైపు కొడుతుంది. ఆడవాళ్లకు డబ్బుల్లేని జీరో టికెట్టే కాబట్టి ఆధార్ కార్డు చేతికందేట్టు పెట్టుకోండి, మా లలితలాగా కట్టెల సంచి అడుగున కాదు. ఆమె కార్డు తీసేసరికి ఇంజాపూర్ దాటి గుర్రంగూడ వచ్చింది. ఒక్కొక్క జత కట్టెలే బయటికి వస్తున్నాయి, కార్డు రావడం లేదు. కండక్టరమ్మ ఓపిగ్గా నిలబడి చూసింది.

“ఎవల మీదికి కొట్లాటకు పోతున్నరమ్మా?” అంది.

“కొట్లాట కాదు, కోలాటం,” అంది వదిన.

“ఏదైతేంది, మంచిగ కొట్టి రాండ్రి,” అని టికెట్లు చింపి ఇచ్చింది. ఆ మాటకు వదిన ముఖంలో ఆ రోజు మొదటి నవ్వు కనబడింది.

బి.ఎన్.రెడ్డి నగర్ దగ్గర జనం ఎక్కారు, హస్తినాపురం దగ్గర ఇంకా ఎక్కారు. ఎల్బీ నగర్‌లో దిగేసరికి ఎనిమిదింబావు. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు సిటీ బస్సులున్నాయి, షేర్ ఆటోలున్నాయి. చీర కుచ్చిళ్లు నలగకుండా చేరాలంటే మాత్రం మెట్రోనే. ఎల్బీ నగరే మొదటి స్టేషను, నింపాదిగా ఎక్కవచ్చు. కాకపోతే కట్టెలున్న వాళ్లు ఒక పావుగంట ముందు పోండి. ఎందుకంటే సంచి యంత్రంలోంచి బయటికి రాగానే అక్కడి సెక్యూరిటీ అబ్బాయి కళ్లు పెద్దవి చేశాడు.

“యే క్యా హై అమ్మా? లాఠీ?”

వదినకు హిందీ వస్తుంది, కానీ కోపం తెలుగులోనే వస్తుంది. “లాఠీలేంది నాయనా! జర చూడు,” అంటూ నాలుగు కట్టెలు తీసి రెండు లలిత చేతిలో పెట్టింది. ఆ యంత్రం పక్కనే ఇద్దరూ కోలాటం మొదలుపెట్టారు. వెనక లైనులో ఉన్న వాళ్లు ఫోన్లు తీశారు. ఒక చిన్న పిల్ల చప్పట్లు కొట్టింది. సెక్యూరిటీ అబ్బాయి చుట్టూ చూసి, “బస్ బస్, జావో అమ్మా, జావో,” అని రెండు చేతులూ జోడించాడు. ఆ రోజు మమ్మల్ని మెచ్చి పంపించిన మొదటి మనిషి అతనే అని వదిన ఇప్పటికీ చెప్పుకుంటుంది.

రైల్లో మా పక్కన ఒక అమ్మాయి ఒళ్లో లావుపాటి పుస్తకం పెట్టుకొని కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే రైల్లో ప్రతి ముగ్గురిలో ఒకరి ఒళ్లో అలాంటి పుస్తకం ఉంటుంది. మా చీరలు, సంచి చూసి, “ఆంటీ, మీది ఏ కోచింగ్?” అంది.

“కోలాటం కోచింగ్ బిడ్డా.”

“జాబ్ వస్తదా అందుల?”

“వస్తే సాయంత్రం డ్యూటీ. రాకపోతే గల్లా డ్యూటీ,” అంది వదిన. ఆ పిల్లకు అర్థం కాలేదు గానీ, “ఆల్ ది బెస్ట్ ఆంటీ” అంది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, తర్వాతే దిల్‌సుఖ్‌నగర్. కబుర్లలో పడితే దాటిపోతారు, జాగ్రత్త.

దిగగానే బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. పల్లీ చట్నీ బాగుంది. చట్నీ తినేటప్పుడు కొంగు నడుముకు దోపుకోవాలని స్వరూప అందరికీ చెప్పింది, తన కొంగు మీదే పోసుకుంది.

హాలు మూడో అంతస్తులో. కింద చీరల షోరూము, మొదటి అంతస్తులో కళ్లద్దాల దుకాణం, రెండో అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటరు. లిఫ్టు ఉంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. మెట్ల నిండా రంగు రంగుల బృందాలు: పసుపు వాళ్లు, ఎరుపు వాళ్లు, నెమలిపింఛం రంగు వాళ్లు. విజయక్క పైన గుమ్మంలోనే ఎదురొచ్చి మమ్మల్ని చూసి బుగ్గ మీద చెయ్యేసుకుంది.

“ఇదేంటే అందాలూ, ఇంత ముదురాకుపచ్చ కట్టారు? మావాళ్లంతా చిలకాకుపచ్చలో వచ్చారే!”

నిజమే. ఆమె వెనక కొత్తపేట నలుగురూ చిలకల్లా నిలబడి ఉన్నారు. విజయక్క పంపిన ఫోటోలో రంగు చూసి కట్టుకున్న పాపం. “మంచిదే అక్కా, ముందు వరుస ముదురు, వెనక వరుస లేత. కావాలని కట్టినట్టు ఉంటది,” అని సర్దిచెప్పాను. అప్పుడు నాకు తెలియదు, ఆ రోజంతా మాకు అదే పని అని.

ఎనిమిది మందిమి కలిసి ఒక్కసారి కూడా ఆడలేదు కాబట్టి వరండాలో ఒకసారి ఆడి చూసుకుందామని విజయక్క అంది. వరుసల్లో నిలబడ్డామో లేదో, కింద నుంచి కోచింగ్ సారు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఇంకా మార్కరు ఉంది.

“మేడం, ప్లీజ్. కింద రీజనింగ్ క్లాస్ నడుస్తుంది. మీరు కట్టె కొట్టినప్పుడల్లా పిల్లలు పైకి చూస్తున్రు.”

“ఒక్క పాటేనండీ,” అంది విజయక్క.

“పొద్దటి సంది అందరు ఒక్క పాటే అంటున్రు మేడం!”

ఆయన బాధ చూస్తే జాలేసింది. ఆపేశాం. ఆ ఒక్క పాట అక్కడ ఆడనిచ్చి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

హాల్లో స్టేజీ బాగుంది. వెనక భాగంలో పూలతో మండపం కట్టి స్వామి విగ్రహం పెట్టి, దీపం వెలిగించారు. బృందాలు వచ్చి స్వామికి దండం పెట్టుకుంటారు, జనం వైపు తిరుగుతారు, ఆడతారు, పోతారు. నాకు రెండో వరుసలో కుర్చీ దొరికింది. నా ముందు తెల్ల పంచె, భుజం మీద కండువాతో ఒక ముసలాయన. హయత్‌నగర్ వైపు ఒక గుడి కమిటీ పెద్దట, సత్తయ్య తాత అంటారట. రథోత్సవానికి బృందం కోసం వచ్చాడు. వచ్చిన దగ్గర నుంచి ఒకటే సణుగుడు.

“దేవుణ్ణి తెచ్చి ఎనక పెట్టిన్రు. అందరి వీపులు ఆయన దిక్కే. గింత మందిల ఒక్కలకన్న సోయి ఉండద్దా?”

పక్కనున్న పెళ్లిళ్ల ఈవెంట్ల ఆయన నవ్వాడు. “జనం చూడాలె గదా తాతా.”

“జనం చూడనీకి సినిమాలున్నయ్.”

పన్నెండు కల్లా పసుపు వాళ్లను ఒక పెళ్లికి మాట్లాడుకున్నారు. నెమలిపింఛం వాళ్లను స్కూలు వాళ్లు, ఎరుపు వాళ్లను బట్టల షాపు వాళ్లు తీసుకున్నారు. పులిహోర పొట్లాలు పంచే వేళకు ముందు వరుసలో కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఈవెంట్ల ఆయన కూడా లేచిపోయాడు. పిలిచేవాళ్లలో మిగిలింది సత్తయ్య తాత ఒక్కడే, ఆయనకు ఎవరూ నచ్చడం లేదు. వదిన పులిహోర పొట్లం విప్పకుండా చేతిలోనే పట్టుకొని కూర్చుంది. అప్పుడే అన్న ఫోను.

“ఏమాయె?”

“ఇంకా మా నంబరు రాలే.”

“ఏం తొందర లేదు తియ్యి. గల్లా కాడ కుర్చీ తుడిచి పెట్టిన.”

వదిన ఫోను పెట్టేసి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందనుకున్నాను, కాదు, భయం. “సుజాతా, రోజు మొత్తంల నాకు నచ్చేది ఆ ఒక్క గంటనే. అది గూడ పోతదా?” అంది. అన్నను నేను మనసులో తిట్టుకున్నాను. సొంత అన్నే, అయినా తిట్టాను.

రెండు దాటాక మమ్మల్ని పిలిచారు. ముందు వరుసలో ముదురు నలుగురం, వెనక లేత నలుగురు. అందరం జనం వైపు తిరిగి నిలబడ్డాం. పాట మొదలైంది. ముందు వరుస ఒక పక్కకు జరుగుతుంది, ఆ సందుల్లోంచి వెనక వరుస ముందుకు వస్తుంది, అదీ మొదటి అడుగు. మేము ఎంత చక్కగా జరిగామో! నలుగురమూ ఒక్కసారే, ఒక్క కొలతలో, ఎడమకు. కొత్తపేట వాళ్లు కూడా చక్కగా వచ్చారు. మేము కుడికి జరిగితే ఎక్కడ సందులుంటాయో సరిగ్గా అక్కడికి.

అక్కడ సందుల్లేవు, మేమున్నాం. లలిత వీపుకు ఎవరిదో మోచేయి తగిలింది. నా జడ ఎవరి కట్టెకో చిక్కుకుంది.

“కుడికమ్మా, కుడికి!” స్టేజీ పక్క నుంచి విజయక్క నెత్తి మీద చేతులు పెట్టుకొని అరుస్తోంది.

“వీడియోల ఎడమకే ఉన్నది!” స్వరూప ఆడుతూనే గొణిగింది.

చేతులు కూడా అంతే. వాళ్లు కుడి కట్టె లేపితే మేము ఎడమది. మార్చుకుందామంటే కాళ్లు వింటేగా! నిద్రలో లేపినా తప్పు పోకుండా నేర్చుకున్నాం అని చెప్పాను కదా, ఇప్పుడు ఆ తప్పు పోనని కూర్చుంది. హాల్లో కిసుక్కున నవ్వులు మొదలయ్యాయి. ముందు వరుసలో సత్తయ్య తాత కండువా దులిపి లేవబోతున్నాడు.

వదిన అది చూసింది. “ఎనకకు తిరుగుండ్రి! వాళ్ల మొఖాలు చూడుండ్రి!” అంది. అనడం కాదు, అరిచింది.

ఎందుకో ఏమో ఎవరికి తెలుసు! గిర్రున తిరిగాం. జనానికి మా వీపులు, మా ఎదురుగా కొత్తపేట వాళ్ల ముఖాలు. అప్పుడు చూడండి చిత్రం. వాళ్లు కుడికి పోతే మేము ఎడమకు, ఎదురెదురుగా ఉన్నాం కాబట్టి ఇద్దరమూ ఒకే పక్కకు. వాళ్ల కుడి కట్టె లేస్తే మా ఎడమ కట్టె లేచి దానికి ఎదురుగా సిద్ధంగా ఉంది. అద్దం ముందు నిలబడి ఆడినట్టే. టక్కుమని ఎనిమిది కట్టెలు ఒక్కసారి తగిలాయి. నా ఎదురుగా ఉన్న కొత్తపేట ఆవిడ నోరు తెరిచి, మళ్లీ మూసి, నవ్వేసింది. పాటంతా అలాగే ఆడాం. ఆమె భుజం మీదుగా స్వామి నన్నే చూస్తున్నాడు. తప్పయింది నాయనా, కాపాడు అని ఆడుతూనే మొక్కుకున్నాను. నా జాకెట్టు వెనక హుక్కు ఊడి పిన్నీసు పెట్టుకున్నాను. ఆ సంగతి ఆ రోజు హాలంతటికీ తెలిసింది.

పాట అయిపోయింది. సత్తయ్య తాత నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

“గిదీ కోలాటమంటే! పొద్దటి సంది చూస్తున్న, దేవుని దిక్కు మొఖం తిప్పినోళ్లు గీ నలుగురే.” స్టేజీ దగ్గరికే వచ్చేశాడు. “ఎవలమ్మా మిమ్ముల తిప్పింది?”

నేను వదిన వైపు చూశాను. నిజం చెప్పేస్తుందేమోనని నా భయం. వదిన రెండు కట్టెలూ ఒక చేతిలోకి తీసుకొని, కళ్లు దించి, చల్లగా చెప్పింది.

“నేనే తాతా. దేవునికి వీపు చూపెట్టి ఎట్ల ఆడ్తం? మనసొప్పలే.”

నాకు దగ్గు వచ్చింది. విజయక్క నా చెయ్యి గిల్లి ఆపింది. తాత కళ్లు తుడుచుకున్నాడు.

“మా రథం ముందల మీరే ఆడాలె బిడ్డా. హయత్‌నగర్ డిపో కాడికెల్లి గుడి దాంక. గిట్లనే, దేవుని మొఖం చూసుకుంట.”

“తప్పకుండ తాతా,” అంది వదిన. ఆ క్షణంలో పొమ్మంటే కైలాసం దాకా ఆడుకుంటూ పోయేది.

మెట్లు దిగుతూ విజయక్క తన ఫోను తీసింది. “నేను కుడికే వేశానమ్మా, కావాలంటే చూడండి,” అని వీడియో పెట్టింది. లలిత వేలు పెట్టి చూపించింది. “గదే అక్కా, గా కన్నడ క్యాలెండర్ కాడ...”

“కన్నడమేంటే? అది మా వీధి కిరాణా కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండరు. శుభ్రంగా తెలుగే.” దగ్గరగా పెట్టుకొని చూసింది, నాలుక కరుచుకుంది. “అయ్యో రామా! సెల్ఫీ తీసుకునే కెమెరాతో తీశానే! అద్దంలోలా కుడీ ఎడమా మారిపోయాయి, అక్షరాలు కూడా తిరగబడ్డాయి.”

అంటే ఫోను ఒకసారి తిప్పింది, స్వరూప మాట విని మేము ఇంకోసారి తిప్పాం. మొదటి రోజు వదిన అన్నట్టు, ఎట్లా కనబడితే అట్లా చేసుంటే సరిపోయేది. వదిన మెట్టు మీద ఆగి స్వరూప వైపు చూసింది. నాకు తెలిసినంత కాలంలో స్వరూప దగ్గర జవాబు లేకపోవడం అదే మొదటిసారి.

కానీ రెండో అంతస్తు దాటేలోపే ఆమెకు నోరొచ్చింది. “వదినే, రథం మన దిక్కు నడ్సుకుంట వస్తది గదా. మనం దాని మొఖం చూసుకుంట ఆడాలంటే...”

“ఆడాలంటే?”

“ఎనకకు నడ్వాలె. డిపో కాడికెల్లి గుడి దాంక. కొత్తపేటోళ్లు మంచిగ ముందుకు నడుస్తరు, మనం నలుగురం ఎనకకు.”

హయత్‌నగర్ రోడ్డు చూసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. గుంతలుంటాయి, బండ్లుంటాయి, అంగడి రోజైతే కూరగాయల తట్టలుంటాయి. చల్లగా ఒక్క అబద్ధం ఆడినందుకు దేవుడు అంతే చల్లగా లెక్క సరిచేశాడు.

తిరుగు ప్రయాణం సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ వేళకు రోడ్డు మీద కాలు పెట్టే చోటుండదు, ఐదులోపు మెట్రో ఎక్కేయండి. ఎల్బీ నగర్‌లో పొద్దుటి సెక్యూరిటీ అబ్బాయి మా సంచి గుర్తుపట్టి “జీతే క్యా?” అని గెలుపు సంగతి అడిగాడు. “జీతే,” అంది వదిన, ఈసారి హిందీలోనే. స్టేషను దిగాక వంతెన మీద ఆమె నాలుగడుగులు వెనక్కి నడిచి చూసింది. ఐదో అడుగుకు జామకాయల గంపను తగిలింది. జామకాయలామె తిట్టలేదు, ఉప్పూ కారం జల్లి కాయలు చేతిలో పెట్టింది. కొనక తప్పలేదు, బాగున్నాయి కూడా. బస్సులో నలుగురం అవి తింటూ, నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు తెచ్చుకుంటూ తుర్కయంజాల్ చేరాం. ఇరవై మైళ్లు కూడా లేని ప్రయాణంలో ఇంత భయం, ఇంత సంతోషం నాకు రామేశ్వరంలో దొరకలేదు. రామేశ్వరం పోవద్దని కాదు. ఒక ఆదివారం ఇటు కూడా పోయి చూడమంటున్నాను. పోయేముందు వీడియో ఏ కెమెరాతో తీశారో మీ గురువును అడగండి.

హాల్లో ఎవరో తీసిన మా ఆట వీడియోను లలిత పంపితే, దుకాణంలో అన్న అది చూస్తూ కూర్చున్నాడు. తుడిచిపెట్టిన కుర్చీ నిజంగానే గల్లా పక్కన ఉంది.

“గిదేంది? నీ వీపు తప్ప ఏం కనవడ్తలేదు.”

“వీపు చూసే పిలిచిన్రు,” అంది వదిన. “హయత్‌నగర్ల రథం ముందల ప్రోగ్రాం.”

అన్న ఫోను కింద పెట్టాడు. ఇంకోసారి అడిగాడు, నా వైపు తిరిగి నన్ను కూడా అడిగాడు. నిజమేనన్నాను. మా అన్నలో ఎన్ని వంకలున్నా మాట తప్పడు. ఆ కుర్చీని తనే ఎత్తి లోపల పెట్టి వచ్చాడు.

“సరే. సాయంత్రాలన్ని నీయే.”

“నాయి కావు,” అంది వదిన. “మనయి. ఎనకకు నడ్సుకుంట ఆడాలె. నాకేమన్న వీపుకు కండ్లున్నయా? ఎనక గుంతుందా, బండుందా చెప్పే మనిషి కావాలె. రోజు ప్రాక్టీసు జెయ్యాలె.”

అన్న ఏదో అనబోయి ఆగిపోయాడు. నోరు తెరువనని తనే కదా మాటిచ్చింది.

మర్నాడు సాయంత్రం ఐదింటికి దుకాణం షట్టరు సగం దించి ఉంది. గల్లీలో మేము నలుగురం కట్టెలు కొడుతూ వెనక్కి నడుస్తున్నాం. మాకు ఎదురుగా, రథం ఉండాల్సిన చోట, మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి, చేతులు చాచి అన్న నడుస్తున్నాడు. “గుంత! గుంత! ఎడమకు జరుగు. అరె, నీ ఎడమ కాదు, నా ఎడమ! కుక్కున్నది, జర ఆగుండ్రి!” అని గొంతు చించుకుంటున్నాడు. పెళ్లి చీరల కోసం కారులో వచ్చిన వాళ్లు షట్టరు ముందు నిలబడి పిలిచారు.

“అన్నా, దుకాణం ఎప్పుడు తెరుస్తవ్?”

అన్న వాళ్ల వైపు తిరగను కూడా లేదు. వదిన కాళ్ల వైపే చూస్తూ చెప్పాడు.

“సాయంత్రాలు బంద్. మాకు ప్రోగ్రాం ఉన్నది.”